మన గంట మనమే కొడదాం



వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఏదైనా రాయమన్నారు. ఇలాంటి సంచికల్లో మాలాంటి వాళ్లు మామూలుగా "కష్టపడి చదవండి, తల్లిదండ్రులకు పేరు తెండి" అని రాస్తుంటారు. అది మంచి మాటే. కానీ ఆగస్టు 15కూ, జనవరి 26కూ జెండా కింద నిలబడి మీరు వినే మాట కూడా అదే. అందుకని మేం ఇంకో సంగతి రాయదలిచాం. చదువు ఎవరికి వారు చదువుకోవాల్సిందే. హాస్టల్ బతుకు మాత్రం ఒక్కడిది కాదు. వందమంది పిల్లలు ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిని, ఒకే బోరు నీళ్లు తాగి, ఒకే లైటు కింద చదివే చోటు ఇది. ఇక్కడ కొట్లాట లేకుండా, ఎవరి బెత్తానికీ భయపడకుండా, నవ్వుకుంటూ ఎట్లా బతకాలి? అట్లా కలిసి బతుకుతూనే ఎవరి కలను వారు ఎట్లా కాపాడుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకూ మాకు దొరికిన జవాబులు మీ ముందు పెడుతున్నాం.

మేమెవరం?

మేం 1990ల చివర, 2000ల మొదట్లో మంథని సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లం. అప్పుడు మంథని కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11 నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. మాలో కొందరిది కాటారం, కొందరిది మహదేవపూర్, ఇంకొందరిది మల్హర్, ముత్తారం, కమాన్‌పూర్ దిక్కు. మా అమ్మానాయినలు కైకిలి చేసేవాళ్లు. ఎండాకాలం తునికాకు కోసేవాళ్లు. చలికాలం వచ్చిందంటే కొందరు ఇటుక బట్టీలకు పోయేవాళ్లు. ఆ రోజుల్లో అడవి దిక్కు ఊళ్లకు పొద్దుగూకితే బస్సులుండేవి కావు. ఇంటి మీద బెంగ పుట్టినా సరే, ఆదివారం దాకా ఆగాల్సిందే.

ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక పల్లెం, ఒక గిలాస. ఇవే మా ఆస్తి. పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు. మొదటి ఏడాది మేమందరం ఆ తాళంచెవి లాగానే ఉన్నాం. ఎవరిది వారిదే. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చినప్పుడు ఇంట్లో కట్టిచ్చిన సకినాలు రాత్రి దుప్పటి కింద చప్పుడు కాకుండా నమిలేవాళ్లం. సకినం చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో మీకు తెలుసు.

బోరు మోటారు కాలిన ఎండాకాలం

ఒక మార్చి నెలలో, పదో తరగతి పరీక్షలకు వారం ముందు, హాస్టల్ బోరు మోటారు కాలిపోయింది. మరమ్మతుకు పోయిన మోటారు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా రోడ్డవతలి బోరింగే దిక్కు. మొదటి రెండు రోజులు బలమున్నవాడిదే బకెట్టు. ఐదో తరగతి పిల్లలు స్నానం లేకుండానే బడికి పోయారు. ఒకడి మోచేయి పగిలింది. ఇంకొకడి బకెట్టు పగిలింది. బకెట్టు పగిలినవాడే ఎక్కువ ఏడ్చాడు.

రెండో రోజు రాత్రి పదో తరగతి చదివే ఒక అన్న అందరినీ వరండాలో కూర్చోబెట్టాడు. మేమంతా ఆయనను పెద్దన్న అనేవాళ్లం. ఆయన ఎవరినీ తిట్టలేదు. చేతిలో సుద్దముక్క పట్టుకుని మూడు ప్రశ్నలు అడిగాడు. ఒక బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుంది? మనం ఎంతమందిమి? ఎవరికి ముందు కావాలి?

బకెట్టుకు రెండు నిమిషాలు. అంటే గంటకు 30 బకెట్లు. మేం 96 మందిమి. తలా ఒక బకెట్టంటే మూడు గంటల పన్నెండు నిమిషాలు. అందరూ ఒకేసారి మీదపడితే అది యుద్ధం. సగం పొద్దున, సగం సాయంత్రం పోతే గంటన్నర చొప్పున పని. పరీక్షలు రాసేవాళ్లు పొద్దున లైను కట్టకుండా వాళ్ల నీళ్లు తొమ్మిదో తరగతి వాళ్లు పట్టాలి. చిన్నపిల్లలు మోయొద్దు, వరుస చూసుకుంటూ పేర్లు పిలవాలి. ఇదంతా గోడ మీద సుద్దతో రాసుకున్నాం. అప్పటిదాకా మాకు లెక్కలంటే పరీక్షలో రాసేవే. కొట్లాట ఆపడానికి కూడా లెక్క పనికొస్తుందని ఆ రాత్రే తెలిసింది.

మూడు వారాలకు మోటారు వచ్చింది. గోడ మీది రాత మాత్రం తుడవబుద్ధి కాలేదు. నీళ్లకు వరుస పెట్టుకోగలిగినవాళ్లం మిగతా పనులకు ఎందుకు పెట్టుకోలేం అన్నాడు పెద్దన్న. అదీ మొదలు.

ఇదేదో మేం కనిపెట్టిన కొత్త సంగతి కాదని పెద్దయ్యాక తెలిసింది. మన తెలంగాణ ఊళ్లలో చెరువు నీళ్లు పంచడానికి నీరటి ఉండేవాడు. ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎవరి వంతు ఎంతసేపో అతని నోటిమీద ఉండేది. పై నుంచి ఏ అధికారీ రాకుండానే పంట పండేది. అయితే ఆ కట్టుబాట్లలో మన వాడలకు న్యాయం జరిగిందని మేం అనం. అందరి పొలానికీ నీళ్లు వదిలినవాడికి సొంత మడి లేని ఊళ్లు ఎన్నో. ఉమ్మడి నీటిని ఉమ్మడిగా ఏలుకోవచ్చన్నది నిజం. ఆ ఏలుబడిలో అందరికీ నోరుండాలన్నది ఇంకా పెద్ద నిజం.

ఎలినోర్ ఆస్ట్రామ్ అనే అమెరికా పండితురాలు బతుకంతా ఇదే సంగతిని చదివింది. స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, జపాన్ అడవులు, స్పెయిన్ సాగునీరు, వీటిని అక్కడి జనమే వందల ఏళ్లుగా ఎట్లా కాపాడుకుంటూ వచ్చారో పరిశీలించి 1990లో పుస్తకం రాసింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమెనే. ఆమె తేల్చిన సంగతులను మన మాటల్లో చెప్పాలంటే ఇంతే: వాడుకునేవాళ్లే కట్టుబాటు పెట్టుకోవాలి, వాళ్లే కాపలా కాయాలి, తప్పినవాడికి మొదట చిన్న శిక్షే వేయాలి, తగవును అక్కడికక్కడే తెంపుకోవాలి. ఆమె పేరు మాకు తెలియకముందే మేం ఈ నాలుగూ చేశాం. ఎట్లా చేశామో చెబుతాం.

ఆరు కమిటీలు, ఒక శనివారం

నీళ్లు, వంట, గంట, చదువు, ఆరోగ్యం, ఆటపాట. ఇవీ మా ఆరు కమిటీలు. హాస్టల్లో ఉన్న ప్రతి ఒక్కడూ ఏదో ఒక దాంట్లో ఉండాల్సిందే. ఖాళీగా ఉండి అజమాయిషీ చేసేవాడు ఒక్కడూ ఉండొద్దు.

వంట కమిటీ పని వంట చేయడం కాదు. దానికి వంటమనిషి, కమాటి ఉన్నారు. రోజూ బియ్యం, పప్పు తూకం వేసేటప్పుడు ఇద్దరు పిల్లలు తక్కెడ దగ్గర నిలబడాలి. రాత్రి ఎంతమంది ఊరికి పోయారో, ఎంతమంది ఉన్నారో తలలు లెక్కపెట్టి సాయంత్రం ఐదింటికే వంటమనిషికి చెప్పాలి. ఆ లెక్క లేనప్పుడు ఒక రోజు అన్నం మిగిలి కుడితికి పోయేది, ఇంకో రోజు చివరి వరుసలో పన్నెండు మందికి సాంబారు నీళ్లే మిగిలేవి. లెక్క మొదలైన నెలలోనే చివరి వరుసకు కూడా పప్పు దొరికింది. వార్డెన్ సారు సంతోషించి తూకం పుస్తకంలో మా సంతకాలకు ఒక గడి గీయించారు. మేం జీవితంలో పెట్టిన మొదటి సంతకాలు అవే.

గంట కమిటీకి మర్యాద ఎక్కువ. వేలాడదీసిన రైలుపట్టా ముక్క మన గంట. పొద్దున ఐదింటికి లేచి కొట్టాలి. కొట్టేవాడు నిద్రపోతే హాస్టలంతా నిద్రపోతుంది. అందుకే ఆ పని ఎప్పుడూ ఎక్కువ నిద్రపోయేవాడికే ఇచ్చేవాళ్లం. పది రోజుల్లో వాడి నిద్రరోగం పోయేది.

చదువు కమిటీలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు రాత్రి స్టడీ అవర్లో ఒక గంట చెప్పాలి. ఎక్కాలు రానివాడికి ఎక్కాలు, ఇంగ్లీషు చదవడం రానివాడికి చదవడం. చెప్పేవాడికే ఎక్కువ లాభమని మాకు తొందరగానే అర్థమైంది. ఆరో తరగతి పిల్లవాడు "ఎందుకట్ల?" అని అడిగితే, తొమ్మిదో తరగతివాడు మళ్లీ పుస్తకం తీయాల్సి వచ్చేది.

కట్టుబాట్లు మూడే. ఒక పనిలో ఎవరూ మూడు నెలలకు మించి ఉండొద్దు. దిగిపోయేవాడు ఎక్కేవాడికి పని నేర్పి దిగాలి. పని తప్పినవాడు శనివారం రాత్రి అందరి ముందు ఒక పాట పాడాలి. కొట్టడం లేదు, తిట్టడం లేదు, అన్నం ఆపడం అసలే లేదు. పాటే శిక్ష. ఈ శిక్ష ఎంత బాగా పనిచేసిందంటే, ఒకడు పాడాలన్న కోరికతోనే రెండు వారాలు నీళ్ల పని ఎగ్గొట్టాడు. అప్పుడు వాడికి కొత్త శిక్ష వేశాం: "ఈ శనివారం పాడొద్దు." వాడు ఏడుపు మొహం పెట్టి సోమవారం నుంచి బకెట్టు పట్టాడు.

శనివారం రాత్రి సభే మా పార్లమెంటు, మా సినిమా హాలు. వారం లెక్కలు పది నిమిషాల్లో అయిపోయేవి. ఆ తర్వాత పల్లెం డప్పయ్యేది, బకెట్టు డోలయ్యేది. ఊరి కథలు, ఒగ్గు కథ అనుకరణలు, సార్ల నడకలు చేసి చూపించడం. సంక్రాంతి తర్వాతి శనివారం అన్ని డబ్బాలూ తెరిచి పేపరు పరిచి సకినాలు ఒకే కుప్ప పోశాం. ఆ రాత్రి ఎంత చప్పుడు చేస్తూ నమిలామో! నవ్వు లేని సంఘం ఎక్కువ రోజులు నిలవదు తమ్ముళ్లారా. పని కోసం ఒక్కసారి కలిసేవాడు పనయ్యాక పోతాడు. సంతోషం కోసం కలిసేవాడు మళ్లీ వస్తాడు. వచ్చినవాడు పని కూడా చేస్తాడు.

పెట్టె మూత లోపలి రాత

ఇంతవరకు చెప్పింది అందరి సంగతి. ఇప్పుడు ఒక్కొక్కడి సంగతి.

పెద్దన్న తన ట్రంకు పెట్టె మూత లోపలివైపు తెల్ల రంగుతో ఒక సంవత్సరం, ఒక మాట రాసుకున్నాడు: "2006 - టీచర్." పెట్టె తెరిచినప్పుడల్లా అదే కనబడేది. సబ్బు తీసినా, చొక్కా తీసినా కనబడేది. మాకూ ఆశ పుట్టింది. ఒక్కొక్కరం మా మూతల మీద రాసుకున్నాం. నర్సు, పోలీసు, బ్యాంకు, ఇంజనీరు, బావిలో పర్మనెంటు, సొంత టైలరు షాపు. ఒకడు "2010 - అమ్మకు ఇల్లు" అని రాశాడు. పెద్దన్న ఎవరి రాతనూ చిన్నది అనలేదు. ఒక్కటే అడిగేవాడు: "దీనికోసం ఈ వారం ఏం పని తీసుకుంటవ్?"

ఆ ప్రశ్నతోనే కమిటీలకూ కలలకూ ముడిపడింది. పోలీసు కావాలన్నవాడు పొద్దున పరుగు పెట్టించే పని తీసుకున్నాడు. బ్యాంకు అని రాసినవాడు వంట కమిటీ లెక్కలు రాశాడు. నర్సు అని రాసినవాడు గజ్జి మందు, జ్వరం గోళీల పెట్టె చూసుకున్నాడు. మగపిల్లవాడు నర్సేంటని మేం నవ్వితే, మాలో ఎవడికైనా దెబ్బ తగిలిన రోజు వాడే దిక్కయ్యాడు. టీచర్ కావాలన్న పెద్దన్న మాకు నిజంగానే టీచరయ్యాడు. ఎవడి కల వాడు పట్టుకుంటే సంఘం చెదిరిపోతుందని కొందరంటారు. మా అనుభవం వేరు. కలను పనిగా మార్చుకున్నవాడే సంఘానికి ఎక్కువ పనికొచ్చాడు. కల లేనివాడికి పని చెబితే వెట్టిలా చేసేవాడు.

కానీ పెట్టె మూత మీద రాసుకుంటే అన్నీ అయిపోవు. ఇది కూడా మీకు చెప్పాలి.

ఒక జనవరిలో ఎనిమిదో తరగతి చదివే ఒక మిత్రుడి నాయిన వచ్చాడు. ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకున్నాడు. భార్యకు పానం బాగలేదు. మనుషుల లెక్క తక్కువ పడుతుంది, కొడుకు రావాలి. వార్డెన్ సారు చెప్పారు, బడి సారు చెప్పారు. ఆయన తల వంచుకుని ఒకటే అన్నాడు: "ఏం జేయమంటరు సారూ, పైసలు తిన్నం." మా మిత్రుడు పెట్టె తెరిచి మూత లోపలి రాత చదివి వినిపించాడు: "2009 - ఆర్టీసీ డ్రైవర్." ఆ నాయినకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసి, "అయితవు బిడ్డా, ఈ ఒక్క ఏడు" అన్నాడు. అదే వారం మహదేవపూర్ దిక్కు మిత్రుడు ఇంకొకడు కూడా ఇంట్లోవాళ్లతో పోవాల్సి వచ్చింది.

మాకు అప్పు తీర్చే శక్తి లేదు. ఉన్నది కాగితం, కలం. ఆ శనివారం పాటలు పాడలేదు. చదువు కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఇద్దరి పేర్ల మీద ఆరు సబ్జెక్టులకూ నోట్సులు తెరిచాం. సబ్జెక్టుకు ఒకడు చొప్పున, బడిలో చెప్పిన పాఠమల్లా తన పుస్తకంలో ఒకసారి, వాళ్ల పుస్తకంలో ఒకసారి రాశాం. వాళ్ల పడక చోటు ఖాళీగా ఉంచాం. వాళ్ల పెట్టెలు కదపలేదు.

జూన్‌లో ఒకడు వచ్చాడు. చేతులు కాయలు కాసి, మనిషి నల్లబడి వచ్చాడు. ఆరు నోట్సులు చేతిలో పెడితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నా దస్తూరి ఇంత మంచిగ లేకుండె కద" అన్నాడు. అందరం నవ్వాం. సార్లు దయతలచి పై తరగతిలో కూర్చోనిచ్చారు. ఆ ఏడాదంతా రాత్రి స్టడీ అవర్లో పాత పాఠాలూ కొత్త పాఠాలూ కలిపి చదివి పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు ఆర్టీసీ బస్సు నడుపుతున్నాడు. మూత మీద రాసిన సంవత్సరానికి నాలుగేళ్లు ఆలస్యంగా అయినా, నడుపుతున్నాడు.

రెండోవాడు రాలేదు. ఆ జూన్‌లో రాలేదు, మరుసటి జూన్‌లోనూ రాలేదు. అతని పెట్టె రెండేళ్లు గది మూలలోనే ఉంది. ఎవరూ తాళం పగలగొట్టలేదు. లోపల ఏం రాసుకున్నాడో మాకు ఇవాళ్టికీ తెలియదు. సంఘం అన్నిటినీ ఆపలేదు. వచ్చేవాడికి చోటు ఉంచగలదు. ఆ చోటు ఉన్నందుకే ఒకడు రాగలిగాడు.

మనకంటే ముందు నడిచినవాళ్లు

హాస్టల్ అన్న ఆలోచనే ఎవరో ఒకరి పెట్టె మూత రాత. కొల్హాపూర్‌లో షాహూ మహారాజు 1901 నుంచి వెనుకబడిన కులాల పిల్లలకు వసతి గృహాలు తెరిపించాడు. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టాక, ఆ సభ మొదట చేసిన పనుల్లో 1925లో షోలాపూర్‌లో విద్యార్థుల హాస్టల్ తెరవడం ఒకటి. భావూరావు పాటిల్ సాతారాలో నడిపిన హాస్టల్లో అన్ని కులాల పిల్లలూ కలిసి పనిచేసి, కలిసి ఒకే పంక్తిలో తినేవాళ్లు. మన కమిటీలకు తాతలు వాళ్లే అనుకోవచ్చు.

మన హైదరాబాద్ సంగతి తీసుకోండి. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, మనం భాగ్యరెడ్డి వర్మ అని పిలుచుకునే మహానుభావుడు, 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు ఆయనకు 18 ఏళ్లే. మీలో ఇంటర్ చదివే అన్నల వయసు. ఆ మండలి ఎట్లా పనిచేసిందో చూడండి. హరికథలు, భజనలు, ఉపన్యాసాలు. జనం ముందు సంతోషంగా ఒకచోట కూడాలి, అక్కడ చదువు మాట, తాగుడు మానే మాట, జోగిని ఆచారం మానే మాట చెప్పాలి. 1911లో అది మాన్య సంఘమైంది. బడులు పెట్టారు. ఇరవైకి పైగా బడుల్లో వాడల పిల్లలు తెలుగులో చదువుకున్నారు. తగవులు బయటికి పోకుండా మన పంచాయితీలే తీర్చేలా కట్టుదిట్టం చేశారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, పంచములనే పేరు కాదని ఆది ఆంధ్రులమని చెప్పించారు. 1939లో ఆయన కన్నుమూసేదాకా, 33 ఏళ్లు ఒకే రాత. కానీ పని చేసింది మాత్రం ప్రతి వాడలోని జనం.

ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు ప్రతి హాస్టల్ పిల్లవాడికీ తెలియాలి. 1934లో తమిళనాడులో పుట్టి, ఐఏఎస్ అధికారిగా మన రాష్ట్రానికి వచ్చి, సాంఘిక సంక్షేమ శాఖ చూశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చాక దాన్ని కాగితం మీద ఉండనివ్వకుండా ఊళ్లకు తీసుకుపోయారు. సంక్షేమ హాస్టళ్లు పెరగడంలో, 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలవడంలో ఆయన పాత్ర పెద్దది. పెళ్లి చేసుకోలేదు. జీతంలోంచి పేద పిల్లల చదువుకు ఇచ్చేవారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబర్ 7న పోయారు. మనం పడుకున్న ఈ కప్పు కింద ఆయన చెమట ఉంది.

మన మంథని నుంచి 1957 మొదలు 1977 దాకా శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. ఆ గురుకులాల బాటలోనే నడిచి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు.

ఇంకో ఉదాహరణ మన పాత కరీంనగర్ జిల్లాలోనే ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు. ఇప్పుడది హన్మకొండ జిల్లా. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి గారు చుట్టుపక్కల 14 ఊళ్ల రైతులతో సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. షావుకారు వడ్డీ నుంచి రైతు బయటపడాలన్నది ఆయన దూరపు చూపు. రైతు పైసలు రైతే దాచుకోవాలి, రైతుకే అప్పు ఇవ్వాలి, ఎరువు తేవాలి, వడ్లు కొనాలి, మిల్లు పట్టాలి. ఒక్కొక్కటిగా అన్నీ చేశారు. ఎంత భూమి ఉన్నా మనిషికి ఒకే ఓటు. లాభమొస్తే సభ్యులకే పంపకం. లెక్కలు ఏటా మహాసభలో వేలమంది ముందు చదువుతారు. ఎన్నో సహకార సంఘాలు మూతబడినా ఆ సంఘం మాత్రం నిలబడింది. ఎందుకు? మొదలుపెట్టిన మనిషి తర్వాత కూడా నడిచేలా కట్టారు కాబట్టి. ఆ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లే సొంతంగా పాల డెయిరీ పెట్టుకుని 2002 నుంచి "స్వకృషి" పేరుతో పాలు అమ్ముతున్నారు. బర్రె పాలు పోసే అమ్మే ఆ డెయిరీకి యజమాని.

ఈ అందరిలోనూ మాకు ఒకే సంగతి కనబడింది. దూరపు చూపు ఒకరిది కావచ్చు. నడక మాత్రం అందరిదీ కావాలి. చూపు ఉండి నడక లేకపోతే అది ఉపన్యాసం. నడక ఉండి చూపు లేకపోతే అది తిరుగుడు.

ఇప్పుడు మీ ముందున్న పని

మా పెద్దన్న పదో తరగతి పాసై వెళ్లిపోయినప్పుడు ఇక అంతా అయిపోయిందనుకున్నాం. అవలేదు. దిగేవాడు ఎక్కేవాడికి నేర్పాలన్న కట్టుబాటు ఉంది కదా! ఆయన తర్వాత ఏడెనిమిది బ్యాచ్‌లు ఆ కమిటీలు నడిపాయని విన్నాం. తర్వాత ఎక్కడో దారం తెగింది. ఒక బ్యాచ్ నేర్పకుండా దిగిందో, ఒక బ్యాచ్ నేర్చుకోకుండా ఎక్కిందో తెలియదు. దారం తెగితే ముడివేయొచ్చు.

ఇప్పుడు ఆ ముడి అవసరం ఇంకా ఎక్కువ. తెలంగాణ వచ్చాక సాంఘిక సంక్షేమ గురుకులాలు 134 నుంచి 268కి పెరిగాయి. అది మనకు గర్వం. కానీ ఆ వెనకే చాలా హాస్టళ్లలో పిల్లల సంఖ్య తగ్గింది. గురుకులంలో సీటు రానివాడు, ఊళ్లో హైస్కూలు లేనివాడు, అమ్మానాయిన బట్టీకి పోతే ఇంట్లో ఒంటరిగా మిగిలేవాడు, వీళ్లకు ఇవాళ్టికీ హాస్టలే ఇల్లు. పిల్లలు తగ్గితే గదులు ఖాళీ అవుతాయి. ఖాళీ గదికి తాళం పడుతుంది. తాళం పడ్డ గది మళ్లీ తెరుచుకోవడం కష్టం. 2015 జనవరి నుంచి మీకు సన్నబియ్యం అన్నం పెడుతున్నారు. మేం తిన్న దొడ్డు బియ్యం మీకు లేదు, సంతోషం. అయితే ఒక పిల్లవాడు హాస్టల్లో నిలబడేది బియ్యం ఒక్కదానితో కాదు. "వాడు రాలేదేంటి?" అని అడిగే నలుగురు ఉంటేనే నిలబడతాడు.

అందుకని మీకు నాలుగు మాటలు చెబుతాం. చిన్నగా మొదలుపెట్టండి. ఆరు కమిటీలు వద్దు, ముందు గంట ఒక్కటి మీ చేతిలోకి తీసుకోండి. గంట మీది అయితే పొద్దు మీది అవుతుంది. రెండోది, ప్రతి కట్టుబాటూ అందరూ కూర్చుని పెట్టుకోండి, ఐదో తరగతి పిల్లవాడు చెయ్యెత్తితే వాడి మాట కూడా వినండి. మూడోది, శనివారం సభ మానొద్దు. ఆ గంటసేపు ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేయండి. నాలుగోది, మీ మీ పెట్టెల మూతల లోపల ఒక సంవత్సరం, ఒక మాట రాసుకోండి. దానికోసం ఈ వారం ఏ పని తీసుకుంటారో మీకు మీరే చెప్పుకోండి.

పాత మిత్రులకు కూడా ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని పోతే సరిపోదు. నెలకు ఒక ఆదివారం వంతులు వేసుకుందాం. వచ్చినవాళ్లం ఉపన్యాసం ఇవ్వొద్దు. ఒక పిల్లవాడికి ఒక లెక్క చెప్పి, వాళ్లతో అన్నం తిని పోదాం. ఎవరైనా పిల్లవాడు బట్టీకి పోవాల్సి వస్తే ముందుగా మనకు తెలియాలి. ఆనాడు మా దగ్గర కాగితం, కలమే ఉన్నాయి. ఇవాళ మనలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, గనిలో పనిచేసేవాళ్లున్నారు, డ్రైవర్లున్నారు. ఒక కుటుంబం అడ్వాన్సు చిక్కులో పడితే తలా ఇంత వేసుకుని ఆ పిల్లవాడిని బడిలో ఉంచే శక్తి మనకు ఇప్పుడుంది. నడిపేది మాత్రం మనం కాదు, వాళ్లే.

తమ్ముళ్లారా, హాస్టల్ మీకు ప్రభుత్వం ఇచ్చింది. దాన్ని ఇల్లు చేసుకోవడం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. అది మీ చేతుల్లోనే ఉంది. రేపు పొద్దున ఐదింటికి గంట ఎవరు కొడతారో ఈ రాత్రే కూర్చుని తేల్చుకోండి.

ఇట్లు,
మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు, మంథని